పందెపు గుర్రం ముంతాజ్ మహల్ – ఒక తల్లి వంక చరిత్ర

ముంతాజ్ మహల్ అనే పేరు వినగానే మనందరికీ ఆగ్రాలో యమున ఒడ్డున ఉన్న తాజ్ మహలూ, దాన్ని కట్టించిన షాజహాను చక్రవర్తీ గుర్తుకొస్తారు. అది సహజమే. అయితే ఈ వ్యాసం ఆ బేగం గారి గురించి కాదు. ఆ పేరే పెట్టుకొని 1921లో ఇంగ్లండులో పుట్టి, 1945లో ఫ్రాన్సులో చనిపోయిన ఒక ఆడ గుర్రం గురించి. సంఘం సావనీరులో గుర్రం కథేమిటని కొందరు సభ్యులు ముక్కున వేలేసుకోవచ్చు. మందలించే ముందు ఒక్కసారి చివరిదాకా చదవవలసిందిగా మనవి చేసుకుంటున్నాము.

పందెం అనగానే మన ఇళ్లలో పెద్దలు మొహం చిట్లిస్తారు. జూదం నిషిద్ధం, అందులో వాదన లేదు. కాని గుర్రాన్ని పెంచడం, పరుగెత్తించడం వేరు, దాని మీద డబ్బు కాయడం వేరు. ప్రవక్త (స) గారు మదీనాలో గుర్రాల పరుగులు జరిపించినట్లు సహీ బుఖారీలో అబ్దుల్లా ఇబ్నె ఉమర్ గారి ద్వారా వచ్చిన హదీసు ఉంది. మేలిమి తర్ఫీదు పొందిన గుర్రాలకు ఒక దూరం, తర్ఫీదు లేనివాటికి ఒక దూరం అని కూడా అందులో ఉంది. మేము చెప్పబోయేది ఆ గుర్రం సంగతి, దాని పుట్టుపూర్వోత్తరాల సంగతి. డబ్బు కాసిన వారి సంగతి వారికే వదిలేస్తున్నాము.

ఈ కథ మా దృష్టికి రావడానికి ఒక చిన్న కారణం ఉంది. కొన్నేళ్ల కిందట సంఘం రిజిస్టరు కోసం సభ్యుల కుటుంబాల షజరాలు రాయించే పని పెట్టుకున్నాము. తండ్రి, తాత, ముత్తాత, ఆయన తండ్రి అని అయిదారు తరాల పేర్లు గడగడా చెప్పినవారున్నారు. మరి మీ నాయనమ్మ గారి పేరేమిటండీ అంటే ఆలోచనలో పడ్డారు. ఆమె తల్లి పేరు అడిగితే ఇక ఒక్కరూ చెప్పలేదు. ఇతరులను అనడం ఎందుకు, మాకూ తెలియదు. ఆ రోజుల్లోనే ఒక మిత్రుడు గుర్రాల వంశావళుల ప్రసక్తి తెచ్చి, గుర్రాలకు తల్లుల పేర్లు మూడు వందల ఏళ్లుగా రాసి పెట్టారు, మీరు మనుషులకు పెట్టుకోలేదు అని ఎత్తిపొడిచాడు. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోబట్టే చదవడం మొదలుపెట్టాము.

ముందుగా థరోబ్రెడ్ అంటే ఏమిటో రెండు ముక్కలు. మలక్‌పేటలో, మద్రాసులో, బొంబాయిలో, లోకమంతటా గుండ్రని మైదానాల్లో పరుగెత్తే జాతి గుర్రాలన్నీ ఈ థరోబ్రెడ్ జాతివే. ఇంగ్లండులో తయారైన జాతి ఇది. కాని దాని మూల పురుషులు ముగ్గురూ తూర్పు దేశాల నుంచి వెళ్లినవారే. 1680ల నాటి బయర్లీ టర్కు ఒకటి. అలెప్పో పట్టణంలో కొని 1704లో ఇంగ్లండుకు పంపిన డార్లీ అరేబియను రెండోది. ట్యునీసు నుంచి ఫ్రాన్సు మీదుగా చేరిన గొడాల్ఫిను అరేబియను మూడోది. నేటి థరోబ్రెడ్ గుర్రం ఏదైనా సరే, మగవారి వరస పట్టుకొని వెనక్కి పోతే ఈ ముగ్గురిలో ఒకరి దగ్గర తేలుతుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు, పుస్తకాలన్నిట్లోనూ ఉంది.

తెలియనిది మరొకటి. అరబ్బు బదూయిలు తమ గుర్రాల వంశాన్ని తల్లి వంక నుంచే లెక్క కట్టేవారు. కుహైలాన్, సఖ్లావీ అని పేరుపొందిన వంశాలన్నీ తల్లిని బట్టి వచ్చినవే. పిల్ల ఏ గోడిగ కడుపున పుట్టిందన్నదే వారికి ముఖ్యం. (ఆడ గుర్రాన్ని తెలుగులో గోడిగ అంటారు, ఇప్పుడు ఆ మాట వాడేవారు తగ్గిపోయారు.) ఇంగ్లీషు వారు 1790లలో అచ్చు వేయడం మొదలుపెట్టిన జనరల్ స్టడ్ బుక్కు కూడా గోడిగల పేర్ల కిందనే వాటి పిల్లలను రాస్తుంది. 19వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా వాడైన బ్రూస్ లో అనే ఆయన ఆ పుస్తకం తిరగేసి, డెర్బీ, ఓక్సు, సెయింట్ లెజరు పందేలు గెలిచిన గుర్రాలన్నిటినీ తల్లి వంక వెనక్కి పట్టుకుపోయి, మూల గోడిగలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లు ఇచ్చాడు. మన ముంతాజ్ మహల్‌ది ఆ లెక్కలో తొమ్మిదో కుటుంబం. పుస్తకం ఇలా తల్లుల పేరు మీద ఉన్నా, జనం నోట మాత్రం తండ్రి పేరే నిలుస్తుంది. ఫలానా దాని కొడుకు, ఫలానా దాని మనవడు అనే అంటారు.

ఇక అసలు కథకు వద్దాం.

ముంతాజ్ మహల్ తండ్రి పేరు ది టెట్రార్కు. బూడిదరంగు మీద సున్నం చిలకరించినట్లు తెల్ల మచ్చలుండేవి. 1913లో రెండేళ్ల వయసులో ఏడు పందేలు పరుగెత్తి ఏడూ గెలిచింది, తర్వాత కాలు దెబ్బతిని మరి మైదానం చూడలేదు. ఇంగ్లండులో దానంత వేగం గల గుర్రం పుట్టలేదని ఇప్పటికీ వాదించేవారున్నారు. అయితే దానికి జత కట్టడం మీద ఆసక్తి చాలా తక్కువ. జీవితం మొత్తంలో దాని పిల్లలు సుమారు 130 మాత్రమే. తల్లి పేరు లేడీ జోసెఫిను, అదీ మంచి వేగం గల గోడిగే. ఈ పిల్ల పుట్టింది యార్కుషైరులోని స్లెడ్‌మియరు ఫారంలో. ఆ ఫారం సైక్సు కుటుంబం వారిది. 1916లో ఫ్రాన్సు ప్రతినిధి పికోతో కూర్చొని అరబ్బు దేశాలను పటం మీద గీతలు గీసి పంచిపెట్టిన సర్ మార్కు సైక్సు ఆ ఇంటివాడే. ఆయన 1919లో పోయాడు. ఆయన గీసిన గీతల తగాదాలు నేటికీ తీరలేదు. అదే ఇంటి నుంచి ఈ పిల్ల కూడా లోకం మీదికి వచ్చింది.

1922లో డాంకాస్టరు పట్టణంలో ఏడాది పిల్లల వేలం జరిగింది. అప్పటికి ఒక ఏడాదిగా ఆగాఖాన్ గారు ఇంగ్లండులో గుర్రాల శాల కట్టుకునే ప్రయత్నంలో ఉన్నారు. 1877లో కరాచీలో పుట్టిన మూడవ ఆగాఖాన్, సర్ సుల్తాన్ మహమ్మద్ షా గారు, అలీగఢ్ విశ్వవిద్యాలయానికి చందాలు పోగుచేసిన పెద్దలలో ఒకరిగా, ముస్లిం లీగు మొదటి అధ్యక్షులుగా మన పెద్దలకు తెలిసినవారు. ఆయన తరఫున వేలంలో కూర్చున్నది జార్జి లాంబ్టను అనే పేరుగాంచిన ట్రైనరు. మచ్చల బూడిదరంగు ఆడపిల్ల బయటికి రాగానే పాట పెరుగుతూ పోయి 9,100 గినీల దగ్గర ఆగింది. ఆ రోజుల్లో ఏడాది పిల్లకు, అందునా ఆడపిల్లకు అంత ధరా అని జనం విస్తుపోయారట. ఆగాఖాన్ గారు దానికి ముంతాజ్ మహల్ అని పేరు పెట్టి, వాట్‌కోంబులో డిక్ డాసను అనే ట్రైనరుకు అప్పగించారు.

ఆయన గుర్రాలకు పెట్టిన పేర్ల మీదే ఒక వ్యాసం రాయవచ్చు. బహ్రామ్, ఫిర్దౌసి, మహమూద్, నస్రుల్లా, టెహ్రాన్, తాజ్ అక్బర్, ఉమీద్‌వార్. ఇంగ్లండు దొరలూ దొరసానులూ ఈ పేర్లను నోరు తిరక్క తిప్పలు పడుతూ మైదానాల్లో కేకలు పెట్టారంటే మాకు కొంచెం నవ్వూ వస్తుంది, కొంచెం ముచ్చటగానూ ఉంటుంది.

1923లో ముంతాజ్ మహల్‌కు రెండేళ్లు. థరోబ్రెడ్లకు పుట్టిన తేదీ ఏదైనా లెక్క జనవరి ఒకటి నుంచే. మొదటి పరుగు న్యూమార్కెట్టులో. మిగతా పిల్లలు కాళ్లు కూడదీసుకునే లోగానే ఇది ముందుకు పోయి, రికార్డు సమయంలో గెలిచింది. తర్వాత అస్కాటులో రాజకుటుంబం ఎదుట క్వీన్ మేరీ స్టేక్సు. అయిదు ఫర్లాంగుల పందెం, నిమిషం పట్టదు. అంత చిన్న దూరంలో పది లెంగ్తుల తేడాతో గెలిచింది. లెంగ్తు అంటే గుర్రం ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉండే నిడివి. పది గుర్రాలను వరసగా నిలబెడితే ఎంత ఉంటుందో ఊహించుకోండి. అప్పటినుంచి దానికి 'ఎగిరే పిల్ల' అని పేరు వచ్చింది. శాండౌనులో, గుడ్‌వుడ్డులో, డాంకాస్టరు చాంపేను స్టేక్సులో కూడా అదే తీరు. మొత్తం అయిదు పందేలు వరసగా గెలిచింది. ఆరోది కెంప్టను పార్కులో, ఆరు ఫర్లాంగులు. వానకు నేల తడిసి బురద బురదగా ఉంది. ఆర్కేడు అనే గుర్రం దాన్ని దాటిపోయింది. బురదలో కాళ్లు దిగబడితే వేగం పనికిరాదని కొందరు సమర్థించారు. ఆరో ఫర్లాంగులో దమ్ము చాలలేదని కొందరు గొణిగారు.

ఆ గొణుగుడు మరుసటి ఏడు గట్టిపడింది. 1924 మే నెలలో న్యూమార్కెట్టులో వెయ్యి గినీల పందెం, మూడేళ్ల ఆడపిల్లలకు పెట్టేది. దూరం ఒక మైలు, అనగా ఎనిమిది ఫర్లాంగులు. ముంతాజ్ మహల్ గెలుస్తుందనే అందరి నమ్మకం. మొదటినుంచీ ముందే ఉంది. చివరికి వచ్చేసరికి కాళ్లు బరువెక్కాయి. ప్లాక్ అనే గుర్రం వచ్చి దాటేసింది, ఇది రెండోదయింది. జూనులో అస్కాటులో కొరొనేషను స్టేక్సు, అదీ మైలు పందెమే. అక్కడ అయిదో స్థానం. (అదే సంవత్సరం మార్చిలో టర్కీలో ఖిలాఫతు రద్దయింది. దాన్ని నిలబెట్టమని అంతకు కొద్ది నెలల ముందే అమీర్ అలీ గారితో కలిసి ఆగాఖాన్ గారు లేఖ రాసి ఉన్నారు. ఆ వసంతం ఆయనకు రెండు వైపులా చేదుగానే గడిచి ఉంటుందని మా ఊహ.)

డాసను తెలివైనవాడు. ఇంకా పొడుగు పందేలు పెట్టి దాన్ని చంపలేదు. తిరిగి చిన్న దూరాలకు తెచ్చాడు. గుడ్‌వుడ్డులో కింగ్ జార్జి స్టేక్సు, యార్కులో నన్‌థోర్పు స్టేక్సు, రెండూ సునాయాసంగా గెలిచి మైదానానికి సలాము కొట్టింది. మొత్తం పది పరుగులు, ఏడు గెలుపులు, రెండు రెండో స్థానాలు. దాని కాలంలో వారు రాసిన తీర్పు ఒక్కటే: వేగం అపారం, దమ్ము లేదు. ఇలాంటి గోడిగ కడుపున డెర్బీ గెలిచే గుర్రం పుట్టదు. డెర్బీ అంటే మైలున్నర. మైలే పరుగెత్తలేనిదాని సంతానం మైలున్నర ఏం పరుగెత్తుతుంది?

ఈ ప్రశ్న చిన్నది కాదు. మగ గుర్రం ఆ రోజుల్లో ఏడాదికి నలభై గోడిగలతో జత కట్టేది. ఒక సంతానం తప్పిపోయినా ముప్పై తొమ్మిది ఉంటాయి. గోడిగ పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లను కంటుంది, ఒక్కోసారి అదీ లేదు. జీవితం మొత్తం మీద పది పిల్లలు దక్కితే గొప్ప. థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణకు నేటికీ అనుమతి లేదు. కాబట్టి గోడిగకు ఏ జత కుదర్చాలో తప్పు చేస్తే ఒక సంవత్సరం పోయినట్టే, తొమ్మిది తప్పులు చేస్తే ఒక జీవితమే పోయినట్టు.

ఈ జతలు కుదర్చడంలో ఆగాఖాన్ గారికి సలహాదారు ఫ్రెంచి సైనికాధికారి, కల్నల్ వీయే. పాత గుర్రాల వంశవృక్షాలు పన్నెండు తరాల దాకా లెక్క కట్టి, మంచి గుర్రంలో ఏ పూర్వీకుని రక్తం ఎంత పాలు ఉండాలో ఒక సూత్రం తయారుచేశాడు. ఆయన ఎంచిన మూల పూర్వీకులు పదహారు మంది. అందులో పదిహేను మగ గుర్రాలు, ఒకే ఒక్క గోడిగ, పేరు పొకాహాంటసు. లెక్క తీసినవాడు కూడా పదిహేనుకు ఒక్కటే చాలుననుకున్నాడు. 1931లో ఆయన చనిపోయాక ఆ పని ఆగిపోలేదు. ఆయన భార్య మదాం వీయే ఆ లెక్కల పుస్తకాలు పుచ్చుకొని, చాలా ఏళ్లపాటు ఆగాఖాన్ గారి గుర్రాల జతలు తానే నిర్ణయించింది. గుర్రాల లోకంలో ట్రైనరు, జాకీ అందరూ మగవారే అయిన ఆ కాలంలో ఈ సంగతి మాకు ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

వారు పట్టిన దారి ఇది. ముంతాజ్ మహల్‌కు వేగం ఉంది, దమ్ము లేదు. కాబట్టి దమ్ము గల తండ్రులను తెచ్చి కలపాలి. 1918లో ఇంగ్లండు మూడు పెద్ద పందేలూ గెలిచిన గెయిన్స్‌బరోతో జత కలిపితే 1928లో మా మహల్ అనే ఆడపిల్ల పుట్టింది. 1930లో ఆగాఖాన్ గారికే డెర్బీ గెలిచిపెట్టిన బ్లెనీముతో కలిపితే 1932లో ముంతాజ్ బేగం అనే ఆడపిల్ల పుట్టింది. రుస్తుం పాషాతో కలిపితే 1934లో రుస్తుం మహల్ పుట్టింది. మగపిల్లలూ పుట్టారు, వాటిలో మీర్జా సెకండు అనేది చిన్న దూరాల్లో మంచి పేరు తెచ్చుకుంది. కాని వంశం నిలబెట్టింది ఆడపిల్లలే. ఈ ముగ్గురు కూతుళ్ల పేర్లు గుర్తు పెట్టుకోండి. మా మహల్, ముంతాజ్ బేగం, రుస్తుం మహల్. వీటిలో ఒక్కటీ మైదానంలో తల్లి అంత పేరు తెచ్చుకోలేదు. రుస్తుం మహల్ అయితే అసలు పందెమే పరుగెత్తలేదు.

మా మహల్‌ను బ్లెనీముతో కలిపారు. 1933లో ఫ్రాన్సులో ఒక బూడిదరంగు మగపిల్ల పుట్టింది. మనిషి చూపుకు చిన్నగా, సన్నగా ఉంది. యజమానికి దాని మీద పెద్ద ఆశ లేదు. డోవిలు వేలానికి పంపారు. అనుకున్న ధర రాలేదు, చేసేది లేక ఇంటికి తీసుకొచ్చారు. అదే మహమూద్. 1935లో అమ్మమ్మ గెలిచిన చాంపేను స్టేక్సు తానూ గెలిచింది. 1936లో రెండువేల గినీల పందెంలో రవ్వంత తేడాతో రెండోదయింది. డెర్బీ దగ్గర పడుతుంటే మళ్లీ పాత గొణుగుడే మొదలైంది. దీని అమ్మమ్మ ముంతాజ్ మహల్ గదా, మైలు దాటితే నిలబడుతుందా? జాకీ గోర్డను రిచర్డ్సు కూడా దాని మీద ఎక్కలేదు, అదే శాలలోని తాజ్ అక్బరు మీద ఎక్కాడు. మహమూద్ మీదికి చార్లీ స్మర్కును ఎక్కించారు.

ఎప్సం మైదానంలో ఆ రోజు నేల ఎండి గట్టిగా ఉంది. కెంప్టనులో అమ్మమ్మను బురద ముంచితే, మనవడికి ఈ గట్టి నేల కలిసొచ్చింది. స్మర్కు తొందరపడకుండా దాన్ని పట్టి ఉంచి, చివరి మలుపు తిరిగాక వదిలాడు. మహమూద్ మొదటిది, తాజ్ అక్బర్ రెండోది. రెండూ ఒకే యజమానివి. పట్టిన కాలం రెండు నిమిషాల ముప్పైమూడు సెకన్ల ఎనిమిది దశాంశాలు. డెర్బీ చరిత్రలో అంత తొందరగా అప్పటిదాకా ఏ గుర్రమూ పరుగెత్తలేదు. మైలే పరుగెత్తలేకపోయిన గోడిగకు మనవడు మైలున్నరలో రికార్డు పెట్టాడు.

తర్వాత జరిగింది ఇంగ్లండు వారికి కోపం తెప్పించింది. 1936లో బ్లెనీమును, 1940లో మహమూద్‌ను, బహ్రామ్‌ను ఆగాఖాన్ గారు అమెరికా వారికి అమ్మేశారు. యుద్ధకాలంలో దేశపు మేలి రక్తాన్ని అమ్ముకున్నారని పత్రికలు విమర్శించాయి. ఆ విమర్శలో న్యాయం లేకపోలేదు. కాని ఆ అమ్మకం జరగకపోతే ఈ వంశం అట్లాంటికు దాటేది కాదు. మహమూద్ ప్రయాణం గురించి ఒక ముచ్చట చెబుతారు. ముందుగా అనుకున్న ఓడలో దాన్ని ఎక్కించుకోలేదట, వేరే ఓడలో పంపారట. మొదటి ఓడను దారిలో జలాంతర్గామి ముంచేసింది. అమెరికా చేరిన మహమూద్ 1946లో అక్కడి తండ్రి గుర్రాల పట్టికలో మొదటి స్థానం పొందింది.

మహమూద్ కూతుళ్లలో ఒకటి అల్‌మహమూద్, 1947లో పుట్టింది. దాని కూతురు నతాల్మా. నతాల్మా కొడుకు 1961లో కెనడాలో పుట్టిన నార్దర్న్ డాన్సరు. గుర్రాల సంగతి కొద్దిగా తెలిసినవారికి ఈ పేరు చెప్పనవసరం లేదు. గత యాభై ఏళ్లలో అంత ఎక్కువగా వంశం వ్యాపించిన గుర్రం మరొకటి లేదనే చెప్పాలి. 2010 నుంచి 2012 దాకా పద్నాలుగు పందేలు పరుగెత్తి పద్నాలుగూ గెలిచిన ఫ్రాంకెలు, దాని తండ్రి గలీలియో, అందరూ ఆ ఇంటివారే.

ఇక రెండో కూతురు ముంతాజ్ బేగం. దాన్ని నియార్కో అనే ఇటలీ గుర్రంతో కలిపితే 1940లో ఐర్లండులో నస్రుల్లా పుట్టింది. బూడిదరంగు కాదు, ఎరుపు మీద నల్ల జూలు. పుట్టుకతోనే మొండిఘటం. పొద్దున్నే తర్ఫీదుకు తీసుకెళ్తే దారిలో నిలబడి కదలనని మొరాయించేదట. 1943 డెర్బీలో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. మనసు పెడితే దాన్ని మించినది లేదు, మనసు పెట్టడమే తక్కువ. మన ఇళ్లలో కూడా ఇలాంటి మేనల్లుళ్లు ఉంటారు. కాని తండ్రిగా మారాక నస్రుల్లా దశ తిరిగింది. 1951లో ఇంగ్లండులో మొదటి స్థానం, అంతకు ముందు ఏడే అమెరికాకు అమ్ముడుపోయి అక్కడ అయిదుసార్లు మొదటి స్థానం. దాని కొడుకు బోల్డు రూలరు. బోల్డు రూలరు కొడుకు సెక్రటేరియటు, 1973లో అమెరికా మూడు పెద్ద పందేలూ గెలిచి, చివరిదైన బెల్మాంటులో ముప్పైఒక్క లెంగ్తుల తేడాతో గెలిచిన ఎర్ర గుర్రం.

ముంతాజ్ బేగంకు సన్ ప్రిన్సెస్ అనే కూతురు కూడా ఉంది. దాని కొడుకు రాయల్ చార్జరు. రాయల్ చార్జరు మునిమనవడు హేలో. ఆ హేలో తల్లి కాస్మా ఎవరు? అల్‌మహమూద్ కూతురు. అంటే హేలో తండ్రి వంకనా, తల్లి వంకనా ముంతాజ్ మహల్ సంతానమే. హేలో కొడుకు సండే సైలెన్సు జపాను వెళ్లి అక్కడి గుర్రాల జాతినే మార్చేసింది. చుట్టరికాలు ఇలా కలుస్తుంటే మా ఊరి మేనరికాలే నయమనిపిస్తుంది.

మూడో కూతురు రుస్తుం మహల్ పందెం ఎరగదని చెప్పాము గదా. దాని కొడుకు అబెర్నాంటు 1946లో పుట్టింది, బూడిదరంగు. ఇక్కడ రంగు సంగతి ఒకటి చెప్పాలి. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఒకరైనా బూడిదరంగు కాకపోతే బూడిదరంగు పిల్ల పుట్టదు. ఒక తరంలో పోయిందా, ఇక ఆ కొమ్మకు మళ్లీ ఆ రంగు దానంతట రాదు. ముంతాజ్ బేగం కొమ్మలో అలాగే పోయింది, అందుకే నస్రుల్లా బూడిదరంగు కాలేదు. రుస్తుం మహల్, మా మహల్ కొమ్మల్లో నిలిచింది. అబెర్నాంటు రంగుతో పాటు అమ్మమ్మ వేగాన్నీ పుచ్చుకుంది. 1949లోనూ, 1950లోనూ నన్‌థోర్పు స్టేక్సు గెలిచింది. పాతికేళ్ల కిందట అమ్మమ్మ మైదానం వదిలింది ఆ పందెంతోనే.

మా మహల్ కొమ్మలో మరొక కూతురు మా ఇరాన్. దాని కొడుకు మిగోలీ 1948లో పారిసులో ఆర్క్ పందెం గెలిచింది. మిగోలీకి తోబుట్టువు స్టార్ ఆఫ్ ఇరాన్, దాని కూతురు పెటీట్ ఎత్వాల్. 1959లో ముంతాజ్ మహల్‌కు దక్కని ఆ వెయ్యి గినీల పందాన్ని ఈ బూడిదరంగు పిల్ల గెలిచింది. దాని యజమాని ఆగాఖాన్ గారి కుమారుడు అలీ ఖాన్, 1960లో కారు ప్రమాదంలో పోయారు. గుర్రం ఆయన కుమారుడైన నాలుగవ ఆగాఖాన్ గారికి వచ్చింది. అయితే తల్లిగా పెటీట్ ఎత్వాల్ అందరినీ నిరాశపరచింది. ఏళ్లు గడిచినా సంతానం నిలవలేదు. చివరికి 1974లో ఒక్క ఆడపిల్ల దక్కింది, పేరు జహ్రా. మొత్తం కొమ్మ ఆ ఒక్క పిల్ల మీద నిలబడి ఉంది. దాన్ని అమ్మి ఉంటేనో, అది గొడ్డుపోయి ఉంటేనో అక్కడితో సరి. దాని సంతతిలోనే 2005లో జర్కావా పుట్టింది, ఏడు పందేలు పరుగెత్తి ఏడూ గెలిచి, 2008లో ఆర్క్‌ పందెం కూడా గెలిచింది. ముంతాజ్ మహల్ తండ్రి టెట్రార్కుదీ ఏడుకు ఏడే.

1981లో డెర్బీని పది లెంగ్తులతో గెలిచి, 1983 ఫిబ్రవరిలో ఐర్లండులో ముసుగు దొంగల చేత చిక్కి జాడ లేకుండా పోయిన షేర్గర్ కథ సభ్యులలో చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. అదీ తల్లి వంక ముంతాజ్ మహల్ ఇంటిదే. ఒక్క ఏడాది సంతానంతోనే అది పోయింది. మగ గుర్రం పోతే గగ్గోలు పుట్టింది, పుట్టవలసిందే.

మన మలక్‌పేట సంగతి కూడా ఒక మాట. హైదరాబాదు పందేలు 1868లో మౌలాలీలో మొదలై, ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కాలంలో 1886లో మలక్‌పేటకు మారాయి. అక్కడి రేసు పుస్తకంలో ప్రతి గుర్రం పేరు కింద తండ్రి పేరు, తల్లి పేరు వేస్తారు. అక్కడ నేడు పరుగెత్తే ఏ గుర్రం వంశవృక్షమైనా వెనక్కి విప్పితే నస్రుల్లా దగ్గరనో, నార్దర్న్ డాన్సరు దగ్గరనో, చాలాసార్లు ఇద్దరి దగ్గరా తేలుతుంది. అక్కడినుంచి మరికొన్ని మెట్లెక్కితే చాలు, మచ్చల బూడిదరంగు గోడిగ నిలబడి ఉంటుంది.

ముంతాజ్ మహల్ ముసలితనం ఫ్రాన్సులో గడిచింది. 1940లో జర్మన్లు ఆ దేశాన్ని ఆక్రమించుకున్నారు. కూతుళ్ల సంతానం అప్పటికే ఇంగ్లండు, ఐర్లండు, అమెరికాలకు చెదిరిపోయింది. యుద్ధం ముగిసే ఏడు, 1945లో, ఇరవై నాలుగో ఏట అది చనిపోయింది. అప్పటికి మహమూద్ ఒక్కటే లోకానికి తెలిసిన మనవడు. నస్రుల్లా పిల్లలు ఇంకా మైదానం ఎక్కలేదు.

మహమూద్ పెట్టిన డెర్బీ రికార్డు చాలాకాలం నిలిచింది. కొత్త తర్ఫీదులు వచ్చాయి, కొత్త మేతలు వచ్చాయి, పశువైద్యం ఎంతో ముందుకు పోయింది, ఆ రికార్డు మాత్రం యాభై తొమ్మిదేళ్లు కదలలేదు. 1995లో దాన్ని బద్దలు కొట్టిన గుర్రం పేరు లమ్‌తర్రా, దుబాయి రాజకుటుంబం వారిది. పట్టిన కాలం రెండు నిమిషాల ముప్పైరెండు సెకన్ల ముప్పైఒక్క శతాంశాలు. లమ్‌తర్రా తండ్రి నిజిన్‌స్కీ, నార్దర్న్ డాన్సరు కొడుకు. నార్దర్న్ డాన్సరు తల్లి నతాల్మా, ఆమె తల్లి అల్‌మహమూద్, ఆమె తండ్రి మహమూద్, అతని తల్లి మా మహల్. లమ్‌తర్రా తల్లి స్నో బ్రైడు, ఆమె తండ్రి బ్లషింగ్ గ్రూము, అతని తండ్రి రెడ్ గాడు, అతని తండ్రి నస్రుల్లా, అతని తల్లి ముంతాజ్ బేగం. మా మహల్, ముంతాజ్ బేగం అక్కచెల్లెళ్లు.